నిలబడితే దడ: వేరే జబ్బు గోలీలు వాడి చూసేటప్పుడు

గౌరవనీయులైన సంపాదకులకు,

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు మందుల దుకాణాలకు ఒక రకం చీటీలు వస్తున్నాయి. ఇరవై, ఇరవై అయిదేళ్ల అమ్మాయి పేరు మీద గుండె నొప్పికో కండరాల బలహీనతకో వాడే గోలీ రాసి ఉంటుంది. జబ్బు దగ్గర ‘పాట్స్’ అని ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. ఇంటికి పోయినంక డబ్బాలోని కాగితం చదివిన తండ్రి ‘నా బిడ్డకు గుండె జబ్బా’ అని హడలిపోయి గోలీలు ఆపిస్తాడు. ఇంకో ఇంట్లో, పక్కూరి పిల్లకు అదే గోలీ పనిచేసిందని విని, డాక్టరు మొహం చూడకుండానే స్ట్రిప్పు తెప్పించి వేస్తారు. రెండిట్లోనూ ప్రాణం మీదికి వచ్చే వీలుంది. ఈ మందులు అమ్మేచోట, వార్డుల్లో ఇచ్చేచోట పనిచేసే ఫార్మసిస్టులుగా, వీటిని ఏ పద్ధతిలో వాడి చూడాలో మీ పాఠకులకు వివరంగా చెప్పాలనుకుంటున్నాం.

పడుకున్నప్పుడు మామూలుగా ఉన్న నాడి, లేచి నిలబడగానే పరుగందుకోవడమే పాట్స్ (పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్). గుండె వేగం, బీపీ, చెమట, అరుగుదల లాంటివి మనం తలచుకోకుండానే నడిపించే స్వయంచాలిత నాడీ వ్యవస్థ గాడి తప్పడం వల్ల వస్తుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1993లో ఈ పేరుతో దీన్ని వివరించారు. ఎక్కువగా కనిపించేది 15 నుంచి 50 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో. మనిషి నిలబడగానే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి దాన్ని పైకి నెట్టాలి. కొందరిలో ఆ బిగింపు చాలదు. కొందరిలో అసలు ఒంట్లో తిరిగే రక్తమే తక్కువ. ఇంకొందరిలో గుండెను పరుగెత్తించే నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనం అవసరానికి మించి విడుదలై చేతులు వణుకుతాయి, బీపీ కూడా పెరుగుతుంది. ఒకే మనిషిలో ఇందులో రెండు కలిసి ఉండొచ్చు. ఒకరికి పడ్డ గోలీ మరొకరికి పడకపోవడానికి ఇదే మూలం.

పాట్స్ కోసమే అని అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ నుంచి అనుమతి పొందిన మందు ఒక్కటీ లేదు. వాడేవన్నీ వేరే జబ్బులవే. ప్రొప్రనొలాల్ బీపీకి, గుండె నొప్పికి, మైగ్రేన్‌కు వచ్చింది. ఐవాబ్రడిన్ గుండె నొప్పికి, గుండె బలహీనతకు వచ్చింది. నిలబడితే బీపీ పడిపోయేవాళ్లకు మిడోడ్రిన్, అడ్రినల్ గ్రంథులు మందగించే ఆడిసన్ జబ్బుకు ఫ్లూడ్రోకార్టిసోన్, కండరాలు బలహీనపడే మయస్తీనియా గ్రేవిస్‌కు పిరిడోస్టిగ్మిన్. ఇలా అనుమతి ఉన్న జబ్బుకు కాక మరోదానికి రాయడాన్ని ఆఫ్-లేబుల్ అంటారు. వైద్యంలో ఇది కొత్తేం కాదు, చాటుమాటు వ్యవహారమూ కాదు. అయితే మోతాదు, గడువు, జాగ్రత్తలు డబ్బాలోని కాగితంలో ఆ జబ్బుకు తగ్గట్టు ఉండవు కాబట్టి, అవి డాక్టరు చీటీలోనే ఉండాలి. మేం గట్టిగా అడిగేది ఇదొక్కటే: ఆఫ్-లేబుల్ మందు ఇస్తే ముందూ వెనకా కొలిచి ఇవ్వండి, ఎప్పుడు ఆపాలో రాసి ఇవ్వండి.

కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బీపీ మిషన్, గడియారం, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. పొద్దున చాయ్ తాగకముందు, గోలీ వేయకముందు, 10 నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి బీపీ, నాడి రాయాలి. తర్వాత నిలబెట్టి 1, 3, 5, 7, 10 నిమిషాలకు మళ్లీ చూడాలి. గోడకు భుజాలు ఆనించి, మడమలు గోడకు జానెడు ముందుకు పెట్టి నిలబడితే కాళ్ల కండరాలు దొంగసాయం చేయవు. అటూ ఇటూ నడిచినా, కాళ్లు ఆడించినా లెక్క తప్పుతుంది. చెయ్యి కిందికి వేలాడేసి బీపీ చూస్తే అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చెయ్యి పట్టుకోవాలి. కరోనా కాలంలో కొన్న వేలి మిషన్‌తో నాడి చూడొచ్చు గానీ, ఈ జబ్బులో వేళ్లు చల్లబడి ఊదారంగుకు తిరుగుతాయి, అప్పుడు ఆ మిషన్ తప్పు చెబుతుంది. అనుమానం వస్తే మణికట్టు దగ్గర 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కళ్లు బైర్లు కమ్మితే 10 నిమిషాలు నిండాలని పట్టుబట్టకుండా వెంటనే పడుకోబెట్టాలి.

నిలబడ్డాక నాడి పడుకున్నప్పటి కన్నా నిమిషానికి పెద్దవాళ్లలో 30 లేదా అంతకన్నా ఎక్కువ, 12 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 40 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి, అలాగే నిలిచి ఉండి, ఈ బాధ మూడు నెలలకు పైగా ఉంటే పాట్స్ అని అనుమానించొచ్చు. మొదటి మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే అది వేరే సమస్య, దానికి వైద్యం వేరు. ఒక్కరోజు కొలత నమ్మకండి. జ్వరం, విరేచనాలు, ఎక్కువ రక్తస్రావమయ్యే రోజులు లెక్క మార్చేస్తాయి.

ఆఫ్-లేబుల్ గోలీ దాకా పోకముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది, నిలబడితే దడ దానివల్ల కూడా వస్తుంది. కాబట్టి ముందు హిమోగ్లోబిన్, తర్వాత థైరాయిడ్, షుగరు, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, ఈసీజీ చూడాలి. పెళ్లయినవాళ్లకు గర్భం పరీక్ష తప్పనిసరి. పాలమూరు వైపు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: కల్లు తాగే అలవాటుండి ఈమధ్య మానేశారా? కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపాం ఒక్కసారిగా ఆగిపోతే దడ, వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. పైకి అచ్చం పాట్స్‌లాగే ఉంటుంది గానీ, దానికి ఈ గోలీలు పనికిరావు, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

ఉప్పు, నీళ్లు కూడా మందులాంటివే. పాట్స్ ఉన్నవాళ్లకు డాక్టర్లు రోజుకు 10 గ్రాముల దాకా ఉప్పు, రెండు మూడు లీటర్ల నీళ్లు చెబుతారు. మామూలు మనుషులకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంకోటి. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి, లేకపోతే బీపీ ఉన్న అత్త కూడా అదే ఉప్పటి కూర తింటుంది. రోగికి విడిగా ఉప్పు వేసిన మజ్జిగో గంజో ఇస్తే సరిపోతుంది. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ఉప్పు 2.6 గ్రాములే, దానితోనే లెక్క నిండదు. కిడ్నీ జబ్బు, గుండె బలహీనత, బీపీ, గర్భం ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ఉప్పు పెంచకూడదు. నీళ్ల విషయంలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్లకు మా విన్నపం: మూడు లీటర్లు తాగమన్నారని బోరు నీళ్లు తాగొద్దు. అనుమతించిన గరిష్ఠం లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. అంతకు మించిన నీళ్లు రోజూ రెట్టింపు తాగితే ఎముకలకు చేటు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. భగీరథ నల్లా నీళ్లే పట్టుకోండి.

కాళ్లకు మేజోళ్లు కొనేవాళ్లు మోకాలి దాకా ఉండేవి కొని డబ్బు వృథా చేసుకుంటున్నారు. రక్తం ఎక్కువగా నిలిచేది పొట్టలో, తొడల్లో. కాబట్టి నడుము దాకా ఉండేవి గానీ, పొట్టకు పట్టీ గానీ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండకు రోజంతా వేసుకోవడం ఎవరి వల్లా కాదు. బస్సులో నిలబడి పోవాల్సిన రోజు, క్యూలో నిలబడాల్సిన రోజు వేసుకుంటే చాలు.

ఇక గోలీలు. కొలతల్లో ఏం కనిపించిందో దాన్నిబట్టి ఎంపిక జరగాలి. నిలబడితే చేతులు వణికి బీపీ పెరిగేవాళ్లకు ప్రొప్రనొలాల్ తక్కువ మోతాదులో, అంటే 10 నుంచి 20 మిల్లీగ్రాములు, మంచి మొదలు. 2009లో సర్క్యులేషన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 20 మిల్లీగ్రాములతో రోగుల బాధ తగ్గింది. 80 మిల్లీగ్రాములు ఇస్తే నాడి ఇంకా తగ్గింది గానీ బాధ అంతకన్నా తగ్గలేదు. ఇది ప్రతి డాక్టరూ, ప్రతి ఇల్లూ గుర్తుంచుకోవాల్సిన సంగతి. నాడి అంకె దిగుతుంటే మోతాదు పెంచుకుంటూ పోవడం వల్ల మనిషి మంచానికి అతుక్కుపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ గోలీ ఇవ్వకూడదు, ఆయాసం మీద పడుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లలో షుగరు పడిపోతే వచ్చే దడను ఇది కప్పేస్తుంది. 40 మిల్లీగ్రాముల మామూలు గోలీని నాలుగు ముక్కలు చేయొచ్చు, కానీ పేరు వెనక ఎల్‌ఏ అని ఉంటే అది మెల్లగా కరిగే రకం, విరవకండి, నూరకండి. కొన్నాళ్లు వాడినంక ఒక్కరోజులో ఆపకూడదు, వారం రెండు వారాల్లో దింపుతూ రావాలి. డబ్బా కాగితం చూసి భయపడి ఆపించే తండ్రులు ముఖ్యంగా వినాలి.

ఆస్తమా ఉన్నవాళ్లకు, ప్రొప్రనొలాల్‌తో బీపీ పడిపోయి తల తిరిగేవాళ్లకు ఐవాబ్రడిన్ వైపు చూస్తారు. ఇది గుండె వేగాన్నే తగ్గిస్తుంది, బీపీని పెద్దగా ముట్టదు. 2021లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో 22 మంది రోగుల్లో నాడితో పాటు రోజువారీ పనుల్లోనూ మెరుగు కనిపించింది. 2.5 మిల్లీగ్రాములతో రోజుకు రెండుసార్లు, తిండితో పాటు మొదలుపెడతారు, ఒక్కో పూటకు 7.5 దాటకూడదు. చీకట్లోంచి వెలుతురులోకి వచ్చినప్పుడు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయి, అందరికీ కాదు, చాలామందిలో అదే పోతుంది. రాత్రి బండి నడిపేవాళ్లకు చెప్పి తీరాలి. కడుపులో బిడ్డకు హాని కాబట్టి గర్భిణులకు, గర్భం కోరుకునేవాళ్లకు వద్దు. మేం ఎక్కువగా భయపడేది తామర గోలీ గురించి. మన దగ్గర తామరకు ఇట్రాకొనజోల్ ధారాళంగా వాడతారు. అది కాలేయంలో ఐవాబ్రడిన్ కరిగే దారిని మూసేస్తుంది, ఒంట్లో మందు పేరుకుని నాడి ప్రమాదకరంగా పడిపోతుంది. గొంతు నొప్పికి రాసే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. చర్మ డాక్టరు దగ్గరికి పోయినా, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా పాత చీటీ వెంట పట్టుకుపోండి. పడుకున్నప్పుడు నాడి 50 లోపుకు దిగి అక్కడే ఉంటే తర్వాతి గోలీ వేయకుండా డాక్టరును అడగాలి.

మిడోడ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది. 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10 దాకా, రోజుకు మూడుసార్లు. ఈ ‘రోజుకు మూడుసార్లు’ దగ్గరే తప్పు జరుగుతోంది. మన ఇళ్లలో మూడుసార్లంటే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్నం తిన్నాక. రాత్రి వేసి పడుకుంటే బీపీ విపరీతంగా పెరుగుతుంది. నిలబడి ఉండే వేళల కోసం వేసే మందు ఇది. పొద్దున 7, 11, మధ్యాహ్నం 3 గంటలకు వేయాలి. పడుకునేముందు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎండకాలం మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు ఆ పూట గోలీ సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి. తల మీద చీమలు పాకినట్టు, రోమాలు నిక్కబొడుచుకున్నట్టు అనిపించడం మామూలే, అది ప్రమాదం కాదు. తల పగిలేంత నొప్పి, మూత్రం ఆగడం మాత్రం ప్రమాదం. జలుబు గోలీల్లో ఉండే ఫినైలెఫ్రిన్ దీనితో కలిస్తే బీపీ ఇంకా ఎగబాకుతుంది, కాబట్టి దుకాణంలో జలుబుకు ఏదైనా ఇవ్వమనేముందు ఈ మందు వాడుతున్నామని చెప్పండి.

ఫ్లూడ్రోకార్టిసోన్ ఉప్పును, దానితో పాటు నీటిని ఒంట్లో పట్టి ఉంచుతుంది. పగలు ఉప్పు తినకుండా ఈ గోలీ వేస్తే ఫలితం ఉండదు. మోతాదు 0.05 నుంచి 0.2 మిల్లీగ్రాములు, స్ట్రిప్పు మీద 100 మైక్రోగ్రాములని ఉంటే అది 0.1 మిల్లీగ్రామే. ఫలితం తేలడానికి వారం రెండు వారాలు పడుతుంది. పొటాషియం పడిపోవడం దీని అసలు ముప్పు: పిక్కలు పట్టేయడం, కాళ్లు సత్తువ లేకపోవడం, గుండె గతి తప్పడం. మొదలుపెట్టిన రెండు వారాల్లోపు పొటాషియం చూసి, తర్వాత కూడా అప్పుడప్పుడు చూడాలి. మండల కేంద్రాల్లో ఈ గోలీ సాధారణంగా నిల్వ ఉండదు. లేదని చెప్పి ప్రెడ్నిసోలోనో డెక్సామెథాసోనో చేతిలో పెట్టడం తప్పు. అవీ స్టెరాయిడ్లే గానీ ఆ పని చేయవు, షుగరు, బరువు, ఇన్ఫెక్షన్లు మాత్రం తెచ్చిపెడతాయి. అయిపోవడానికి వారం ముందే ఆర్డరు పెట్టుకోండి.

పిరిడోస్టిగ్మిన్ గురించి పత్తి రైతుల ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 30 మిల్లీగ్రాములతో, అంటే 60 గోలీలో సగంతో మొదలుపెడతారు. కడుపులో మెలితిప్పడం, విరేచనాలు, లాలాజలం, చెమట దీని దుష్ప్రభావాలు. మలబద్ధకంతో ఉన్న పాట్స్ రోగికి ఇందులో కొంత మేలు కూడా ఉంది. ఆస్తమా ఉంటే జాగ్రత్త. ఇది ఒంట్లో కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తుంది. చేలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగు మందులు అణచివేసేదీ అదే ఎంజైమును. ఈ గోలీ వాడే మనిషి మందు కలపడం, కొట్టడం, కొట్టిన చేలో పనికి పోవడం చేయకూడదు. ఎక్కడైనా తగిలి నోట్లో నురగ, కంటిపాప చిన్నది కావడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే 108కు ఫోన్ చేసి, దవాఖానలో ఈ గోలీ పేరు కూడా చెప్పాలి.

క్లోనిడిన్ 0.1 మిల్లీగ్రాముల గోలీ బీపీ పెరిగే రకానికి ఇస్తారు, కానీ ఒక్కసారిగా ఆపితే బీపీ తిరగబడి ఎగబాకుతుంది. స్ట్రిప్పు అయిపోయిందని రెండు రోజులు ఊరుకునే ఇళ్లకు ఇది రాయకపోవడమే మేలని మా అభిప్రాయం. మద్యం, మత్తు మందుల వ్యసనానికి వాడే నాల్‌ట్రెక్సోన్ పేరు కూడా, తక్కువ మోతాదులో, వినిపిస్తోంది. మామూలు గోలీ 50 మిల్లీగ్రాములది, వాడమనేది 4.5 లోపు, ఇంట్లో నూరి పంచుకుంటే మోతాదు కుదరదు. ట్రమడాల్ లాంటి నొప్పి గోలీ వాడుతున్న మనిషికి ఇది వేస్తే తీవ్ర ఇబ్బంది.

సెలైన్ గురించి ఊళ్లలో ఉన్న నమ్మకం వేరు. ‘నీరసం’ అనగానే బాటిల్ ఎక్కించడం. సాధారణ సెలైన్ అర లీటరు బాటిల్‌లో ఉప్పు 4.5 గ్రాములు. నిజంగానే కొన్ని గంటలు, ఒకటి రెండు రోజులు తేలికగా ఉంటుంది. పసుపురంగు విటమిను కలిపిన గ్లూకోజ్ బాటిల్‌లో ఉప్పే ఉండదు, ఆ నీళ్లు రక్తనాళాల్లో ఎక్కువసేపు నిలవవు. వారం వారం ఎక్కించుకోవడాన్ని 2015లో గుండె లయ వైద్యుల సంఘం హార్ట్ రిథమ్ సొసైటీ నిపుణులు ప్రోత్సహించలేదు. నరం వాచొచ్చు, ఇన్ఫెక్షను రావొచ్చు, డబ్బు ఖర్చు మాత్రం ఖాయం. అదే ఉప్పు, నీళ్లు నోటితో పోతే చాలు. వాంతులు ఆగనప్పుడు సెలైన్ అవసరం, అది వేరు.

వాడి చూసే పద్ధతికి వస్తే, ఒకేసారి ఒక్కటే మార్చండి. కొత్త గోలీ, కొత్త మేజోళ్లు, ఉప్పు పెంపు ఒకే వారంలో మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. ప్రతి మందుకూ గడువు వేరు. మిడోడ్రిన్ అరగంట, గంటలో తెలిసిపోతుంది, పిరిడోస్టిగ్మిన్ కొన్ని రోజుల్లో, మిగతావి రెండు వారాల్లో. ఒక నోటుపుస్తకంలో తేదీ, పడుకున్న నాడి, 10 నిమిషాల నాడి, బీపీ, ఆ రోజు నిలబడి చేసిన ఒక పని రాయండి. ‘ఇవ్వాళ బాగుంది’ అని రాస్తే ఉపయోగం లేదు. పొయ్యి దగ్గర నిలబడి ఎన్ని జొన్నరొట్టెలు చేయగలిగిందో రాయండి. కూర్చోకుండా రెండు రొట్టెలే చేసేది, పది రోజుల తర్వాత ఆరు చేస్తే గోలీ పనిచేసింది. నాడి 130 నుంచి 95కు దిగినా రొట్టెలు రెండు దాటకపోతే, ఆ మోతాదులో ఆ మందు ఆమెకు పనిచేయలేదు. ఈ పుస్తకం చూపిస్తే డాక్టరుకు కూడా పని తేలిక.

డాక్టర్లకు మా విన్నపం: చీటీలో మందు పేరు కింద ఒక వాక్యం రాయండి. ‘పాట్స్ కోసం, ఆఫ్-లేబుల్; ఐవాబ్రడిన్ 2.5 మి.గ్రా., పొద్దున, సాయంత్రం తిండితో, రెండు వారాలు, పడుకున్న నాడి 50 లోపు ఉన్నా, కళ్లు తిరిగినా ఆపి రండి, ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్ వద్దు.’ ఇంత రాస్తే తండ్రి భయపడడు, దుకాణంలో మార్చి ఇవ్వరు, పక్కింటివాళ్లు అదే గోలీ అడగరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ దవాఖానల ఓపీల్లో దడ, నీరసం అని వచ్చిన ఆడపిల్లకు ‘టెన్షన్’ అని రాసి పంపేముందు ఒక్కసారి పడుకోబెట్టి, నిలబెట్టి కొలవమని సూపరింటెండెంట్లను కోరుతున్నాం. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, నర్సుకు 20 నిమిషాల సమయం ఇస్తే చాలు.

ఏ మందు వాడుతున్నా సరే, ఛాతీ నొప్పి, పడుకున్నా తగ్గని దడ, పని చేస్తుండగా స్పృహ తప్పడం, తలకు దెబ్బ తగిలేలా పడిపోవడం కనిపిస్తే అది పాట్సేలే అని ఇంట్లో ఉంచుకోవద్దు. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఉంటే ఆ మాట డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.

ఇట్లు,
ఫార్మసిస్టులు,
నల్లగొండ